గేరు పడితే చెయ్యి చెబుతుంది

జూన్ 11

మళ్ళీ గేరు.

రెండో ట్రిప్పు నుంచి వచ్చి అన్నయ్య పడవను రేవులో కట్టేసి, వెనకున్న మోటారు వంక చూసి కాండ్రించి ఉమ్మేశాడు. ముందుకు వేస్తే ఒక పట్టాన పడటం లేదట. పడినా నది మధ్యలోకి వెళ్ళాక జారిపోతోందట. పైన ఇంజను గొంతు చించుకుంటూనే ఉంటుంది, కింద నీళ్ళలో ఫ్యాను తిరగదు, పడవ మాత్రం నీటివాలున ఆనకట్ట వైపు పోతుంది. ఇంకా వానలు పడలేదు, నీళ్ళకు జోరు లేదు కాబట్టి సరిపోయింది. "చూడు నీ ముద్దుల మోటారు సంగతి" అనేసి రేకుల షెడ్డులోకి పోయి పడుకున్నాడు. నా మోటారట! బాగా నడిస్తే ఆయన చెయ్యి గొప్పది, ఆగిపోతే నా మోటారు.

ఇది నాన్న చేసిన పంపకం. పెద్దోడికి చెయ్యి ఉంది, చిన్నోడికి చెవి ఉంది అనేవాడు. అందుకే జనాన్ని అవతలి ఒడ్డుకు చేర్చడం అన్నయ్య వంతు, మోటారు బాగుచెయ్యడం నా వంతు. ఇది నా పెళ్ళికంటే పాత మోటారు. దీని రోగమూ పాతదే. నాన్న చివరి రోజుల్లోనూ ఇదే గేరు మొండికేసింది. దాంతో విసుగెత్తి ఆయన పడవ దిగి వసారాలో కుర్చీ వేసుకుని గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పోయేదాకా అలాగే కూర్చున్నాడు. అమ్మ బతికున్నన్నాళ్ళూ "మీ నాన్నను మింగింది ఆ మోటారే" అంటూ ఉండేది.

సాయంత్రానికి దోషం దొరికింది. లివరు నుంచి గేరు పెట్టెలోకి దిగే కడ్డీ దగ్గర నట్టు వదులైంది. అంతే. బిగించాను. దాని చిన్న పిన్ను ఒకటి వేళ్ళలోంచి జారి ఇసుకలో పడింది, వెతకలేక చచ్చాను. మా అమ్మాయి చూసి నవ్వింది. అవతలి ఒడ్డున కళ్ళద్దాల షాపులో పని దానికి. "అద్దాలు మార్చుకో నాన్నా, ఎన్నాళ్ళిలా తడుముకుంటావు" అంది. మార్చాలి.

జూన్ 13

బాగా నడుస్తోంది. నట్టే. చెప్పానుగా.

జూన్ 17

నట్టు కాదు.

నిన్న జారింది, ఇవాళా జారింది. పడవను రేవు గుంజకు గట్టిగా కట్టి నేనే మోటారు వేసి చూశాను. ముందుకు, న్యూట్రలు, వెనక్కు, మళ్ళీ ముందుకు. ఎన్నిసార్లు వేసినా చెప్పిన మాట వింది. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు బడిపిల్లాడికి ఎంత అణకువో అంత అణకువ. ఆ మాట అన్నయ్యతో అంటే అరికాలి మంట నెత్తికెక్కింది.

"నువ్వు కట్టేసి చూస్తావు, నేను వదిలేసి నడుపుతాను. రెండూ ఒకటేనా?"

అదీ నిజమే. మనుషుల బరువు, నీటి పోటు ఉన్నప్పుడు లెక్క వేరు. కడ్డీ పొడవు కాస్త సరిచేశాను. ఈసారి దోషం దొరికినట్టే.

ఆయన మూత తీసిన ఇంజను మీద చెయ్యి ఆనించుకుని నన్ను తిడుతున్నాడు. అప్పుడే ఆపిన ఇంజను అది. ఏదో కాలిన వాసన వస్తోందేమిటా అని చూస్తే ఆయన చెయ్యే. నేనే పట్టుకుని లాగాను. అరచేతి అంచున ఇంత బొబ్బ. "నాది మొసలి తోలురా" అని నవ్వాడు. నేనూ నవ్వాను. మొండి మనిషి, చిన్నప్పటి నుంచీ అంతే.

జూన్ 20

అమ్మాయి పొద్దున్నే మొదటి ట్రిప్పులో వెళ్తుంది, చీకటిపడే ముందు ట్రిప్పులో వస్తుంది. ఇవాళ వచ్చి కాళ్ళు కడుక్కుంటూ అంది.

"పెదనాన్న గేరు వేసేటప్పుడు చేతి వంక చూసుకుంటున్నాడు నాన్నా."

చూస్తే ఏమైందన్నాను. ఇదివరకు చూసేవాడు కాదంది. ఇదివరకు గేరు సతాయించేది కాదు, ఇప్పుడు సతాయిస్తోంది, అందుకని చూస్తున్నాడన్నాను. పెద్దవాళ్ళ మీద వంకలు పెట్టడం మానుకొమ్మన్నాను. వంటింట్లోంచి మా ఆవిడ, ఎవరినీ ఉద్దేశించనట్టు, ఆడలేక మద్దెల ఓడు అన్నారట అంది. నాకు ఒళ్ళు మండింది. ఆ చెయ్యి గురించి ఆమెకేం తెలుసు? పెళ్ళయి ఈ ఇంటికి వచ్చిన రోజు తుపానులో నది దాటించింది ఆ చెయ్యే.

తినకుండా లేచాను. తరవాత ఆకలేసి తిన్నాను.

జూన్ 21

కొత్త కళ్ళద్దాలు వచ్చాయి. బాగా కనిపిస్తోంది. పెన్ను మాత్రం బాగాలేదు, అక్షరాలు కాకికాళ్ళలా వస్తున్నాయి.

జూన్ 25

పైన ఎక్కడో వానలు పట్టుకున్నాయి. ఆనకట్ట తలుపులు ఎత్తారు. ఇంట్లో కూర్చున్నా హోరు వినిపిస్తూనే ఉంది, గోడ అవతల పిండిమర తిరుగుతున్నట్టు. నీళ్ళు ఎర్రబడ్డాయి. ఆనకట్టకు ఇవతల తాడుకు వరసగా కట్టిన నీలం పీపాలు నిన్నటిదాకా నిద్రపోతున్నట్టు ఉండేవి, ఇవాళ తలలు ఆడిస్తున్నాయి. ఆ పీపాలు దాటితే ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవాల్సిందే.

ఇక లాభం లేదని గేరు పెట్టె మొత్తం విప్పాను. దొరికింది. ఈసారి నిజంగా దొరికింది. లోపల పళ్ళున్న ఇనుప కప్పు ఉంటుంది కదా, దాని పళ్ళ అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. మా ఆవిడకు తెచ్చి చూపించాను. లివరు వేస్తే ఈ కప్పు జరిగి పక్క గేరు పళ్ళలో కూర్చుంటుంది, పూర్తిగా కూర్చుంటే లాగుతుంది, సగమే కూర్చుంటే టకటకా కొట్టుకుని జారిపోతుంది, చూశావా, తప్పు ఎవరిదో ఇప్పుడు చెప్పు అన్నాను. చూసింది. "మరి అవి ఎందుకు అరిగాయి?" అంది.

ముసలితనం అన్నాను. ఇనుముకైనా వస్తుంది.

పాత మోటార్ల సామాన్లు అమ్మే ఆయనకు కబురు పెట్టాను.

జూన్ 29

కప్పు వచ్చింది. కొత్తది, అంచులు తగిలితే వేలు తెగేలా ఉంది. పొద్దున్నే బిగించేశాను. లివరు వేస్తే లోపల ఒక్క దెబ్బ, అంతే, టక్. ఆ చప్పుడు విని చాన్నాళ్ళయింది. నాన్న గుర్తొచ్చాడు. గేరు చెంపదెబ్బ కొట్టినట్టు వెయ్యాలిరా, బుజ్జగిస్తే పళ్ళు రాలగొడుతుంది అనేవాడు. పడిందో లేదో చెవిని అడగొద్దు, పడితే చెయ్యి చెబుతుంది అనేవాడు.

అన్నయ్యను పిలిచి వేసి చూడమన్నాను. మెడలోంచి తాడు తీశాడు. ఇంజను లాగే తాడు అది. నాన్న రోజుల నుంచీ మోటారుకు ఉంచం, పడవ నడిపేవాడి మెడలో ఉండాలి. ఆ తాడు ఎవరి మెడలో ఉంటే పడవ వాళ్ళది. చక్రానికి చుట్టి, కొసన ఉన్న చెక్క పిడి పట్టుకోకుండా తాడును మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకుని లాగాడు. అలా చెయ్యకూడదని నాకు నేర్పింది ఆయనే. చక్రం వెనక్కి తన్నితే మణికట్టు ఊడొస్తుంది. అదేమిటి అన్నయ్యా అంటే, పిడి నునుపైపోయి జారుతోందన్నాడు. పిడికి గుడ్డ చుట్టి ఇచ్చాను.

పైసలు చేత్తో తీసుకోవడం కూడా మానేశాడు, బల్ల మీద రేకు డబ్బా పెట్టి అందులో వెయ్యమంటున్నాడు. బస్సు కండక్టరులా పెద్దమనిషి అయ్యాడని రోజూ పడవెక్కే టీచరమ్మ ఎగతాళి చేస్తోంది.

జూలై 3

నాలుగు రోజులుగా గేరు మాట లేదు. ఇంట్లో అందరికీ వినపడేలా చెప్పాను.

అన్నయ్య చెప్పు ఒకటి నదిలో పోయిందట. కాల్లోంచి ఎప్పుడు జారిందో తెలియదన్నాడు. ఇంటిదాకా ఒక్క చెప్పుతో నడిచొచ్చాడు. వదిన వాకిట్లో నిలబడి ఆ కాలి వంకే చూసింది, ఒక్క మాట అనలేదు. మామూలుగా అయితే ఇల్లు పీకి పందిరి వేసేది.

జూలై 8

అమ్మాయి బతికింది. అది ముందు రాయాలి.

మొదటి ట్రిప్పు. పాలాయన, టీచరమ్మ, ఇంకా కొందరు, మా అమ్మాయి. నేను రేవులోనే ఉన్నాను, అంతా కళ్ళారా చూశాను. సగం దాటాక ఇంజను గొంతు ఒక్కసారి పైకి లేచింది. గేరు జారినప్పుడు వచ్చే అరుపు అది, నిద్రలో విన్నా పోల్చుకుంటాను. పడవ ముక్కు పక్కకు తిరిగింది. అన్నయ్య లివరు వేశాడు. టకటకటక. పళ్ళు కొట్టుకుంటున్న చప్పుడు ఆ హోరులో కూడా నీళ్ళ మీదుగా నా దాకా వచ్చింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే. పడవ పీపాల వైపు పోతోంది. పాలాయన తెడ్డు అందుకున్నాడు కానీ ఆ నీళ్ళలో తెడ్డెంత, గరిటెంత. నేను ఒడ్డు వెంబడి పరిగెత్తుతూ "చెంపదెబ్బ, చెంపదెబ్బ" అని అరిచానట. నాకు గుర్తు లేదు, చూసినవాళ్ళు చెప్పారు.

పడవ పక్కభాగం పీపాను రాసుకుంది. అప్పుడు గేరు పడింది.

వెనక్కి వచ్చాక అన్నయ్య ఎవరికీ చెయ్యి అందించకుండా నిలబడి, కంగారు పడకండి, మోటారు ముసలిదైంది, మా తమ్ముడు చూస్తాడు అన్నాడు. వాళ్ళూ మోటారునే తిట్టుకుంటూ దిగారు. టీచరమ్మ నన్నూ కలిపి తిట్టింది. నేను పడ్డాను.

అమ్మాయి నాతో ఇంటికొచ్చింది. వచ్చాక తలుపు వేసి అంది.

"గేరు పెదనాన్న వెయ్యలేదు నాన్నా. నేను తోశాను. ఒక్క తోపుకే పడింది."

మన అదృష్టం బాగుందన్నాను. అది నా ముఖంలోకి చూస్తూ నిలబడింది. "అదృష్టమా?" అంది.

జూలై 9

విప్పాను. కొత్త కప్పు. పళ్ళ అంచులు అప్పుడే గుండ్రబడ్డాయి.

స్ప్రింగు అయ్యుంటుంది.

జూలై 9, మధ్యాహ్నం

స్ప్రింగు బాగానే ఉంది.

నట్టు బాగానే ఉంది. కడ్డీ బాగానే ఉంది. కొత్త పళ్ళు ఇంత త్వరగా అరగడానికి ఒక్కటే కారణం ఉంటుంది. నాన్న నాకు చెప్పిన మొదటి పాఠం అదే. ఇక్కడ రాయను.

జూలై 10

వదిన షెడ్డుకు వచ్చింది. ఎప్పుడూ రాదు, గ్రీజు వాసన అంటే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. అమ్మాయి నిన్న వాళ్ళింటికి వెళ్ళి నిలదీసిందట. వదిన తలుపు దగ్గరే నిలబడి, అప్పగించాల్సిన సామాను అప్పగిస్తున్నట్టు చెప్పేసింది. అన్నయ్యకు పోయిన చలికాలం నుంచీనట. ముందు వేళ్ళ కొసలకు తిమ్మిరి, తరవాత మొద్దు, ఇప్పుడు మణికట్టు దాకా ఏం తగిలినా తెలియదు. పాదాలూ అంతే. చొక్కా గుండీలు ఆవిడే పెడుతుంది. ఇద్దరూ మాకు చెప్పకుండా డాక్టరు దగ్గరకు వెళ్ళొచ్చారు. నరాలు చచ్చిపోతున్నాయి, మందు లేదన్నాడు.

"బలం ఉంది. పట్టుకున్నది ఏమిటో తెలియదు, అంతే. చేతిలో లివరు ఉందో లేదో కంటితో చూసుకోవాలి."

ఎందుకు దాచావని అరిచాను. వదిన మీద నేను ఎప్పుడూ గొంతు లేపలేదు. ఆవిడ ఏడవలేదు.

"మామయ్యగారికీ ఇలాగే మొదలైంది. అత్తయ్య నాకొక్కదానికే చెప్పింది. మోటారు మీద కోపంతో దిగానని మీ ఇద్దరితో చెప్పమన్నది ఆయనే."

నూనె డబ్బా మీద కూలబడ్డాను. ఇన్నేళ్ళూ ఈ మోటారును తిట్టుకున్నాం. నాన్న గ్లాసును రెండు చేతులతో పట్టుకుని తాగడం, అమ్మ ఆయన పంచె ముడి వెయ్యడం, అన్నీ చూశాం. ముచ్చట అనుకున్నాం.

నాతో ఒక్క మాట అంటే అన్నయ్యను నేను దింపేవాణ్ణి కదా అన్నాను.

"దింపితే ఆయన ఏం చేస్తాడో నీకు తెలియదా?"

తెలుసు. నాన్నను సాగనంపి వచ్చిన రోజు ఆ ఖాళీ కుర్చీ ముందు నిలబడి అన్నాడు. నేను మాత్రం గోడ చూస్తూ కూర్చోనురా, పడవ దిగాల్సిన రోజు వస్తే పీపాలు దాటి వెళ్ళిపోతాను. దుఃఖంలో అన్నాడులే అనుకున్నాం. అన్నయ్య ఉత్తినే ఏ మాటా అనడు.

చెబితే అన్నయ్య పోతాడు. చెప్పకపోతే పడవెడు మనుషులు పోతారు. అందులో నా కూతురు.

జూలై 11

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందంటారు. నెలంతా నేను అలాగే తాగాను. చేతులు కాలాక ఇప్పుడు ఆకుల కోసం వెతుక్కుంటున్నాను.

అన్నయ్య వచ్చి అయిందా అన్నాడు. కాలేదన్నాను. రేపటికల్లా బిగించమన్నాడు, జనం ఎదురు చూస్తున్నారట, పిల్లలు అవతలి బడికి పోలేకపోతున్నారట. టీ ఇచ్చాను. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

జూలై 12

నేను చేసిన పని రాస్తున్నాను.

ఆ కప్పును బల్లకున్న ఇనుప పట్టులో బిగించి ఆకురాయితో పళ్ళన్నీ నున్నగా దించేశాను. నా చేతులతో. ఇన్నేళ్ళలో ఒక వస్తువును బాగుచెయ్యడానికి తప్ప ఆకురాయి ముట్టలేదు. ప్రతి రుద్దుకూ పళ్ళు జివ్వుమన్నాయి, ఇనుపవి కాదు, నావి. కప్పు పోయింది, దీనికి మళ్ళీ సామాను దొరకదు, మోటారు పని అయిపోయింది, ఈ వానాకాలం పడవ ఒడ్డునే ఉంటుంది అని చెబుతాను. వానలు తగ్గేలోగా ఏదో ఒకటి ఆలోచించవచ్చు. నింద మోటారు మోస్తుంది. నాన్న నిందా అదే మోసింది, దానికి అలవాటే.

బొటనవేలు తెగింది. ఎప్పుడు తెగిందో చూసుకోలేదు, బల్ల మీద రక్తం చూశాక తెలిసింది. ఆ ధ్యాసలో ఏం తెలుస్తుంది.

జూలై 13

పొద్దున్నే చెప్పాను. మోటారు పోయింది అన్నయ్యా అన్నాను. చూపించమన్నాడు. కప్పు అరచేతిలో పెట్టాను.

అటూ ఇటూ తిప్పి చూశాడు. తరవాత దాన్ని కింది పెదవికి ఆనించి, ఒక్కో పన్ను మీదుగా మెల్లగా జరిపాడు. నేను చూస్తూ నిలబడ్డాను. వేళ్ళతో చూడాల్సింది పెదవితో చూస్తున్నాడు. ఇది ఆయనకు కొత్త కాదని, ఎన్నాళ్ళ నుంచో అలవాటేనని అప్పుడు అర్థమైంది.

"ఇది అరిగింది కాదు చిన్నోడా. ఆకురాయి పెట్టావు."

కప్పు కోసం చెయ్యి చాపాను, ఇవ్వలేదు.

"ఎవరు చెప్పారు? మీ వదినా?"

పళ్ళే చెప్పాయన్నాను. కప్పు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళాడు. ఇంటివైపు వెళ్తాడనుకున్నాను. రేవువైపు వెళ్ళాడు. పడవ ఎక్కాడు. మోటారు నా షెడ్డులో ఉంది, పడవకు వెనక ఏమీ లేదు. కట్టుతాడు ముడి వేళ్ళతో రాకపోతే వంగి పళ్ళతో పీకాడు. నేను పరిగెత్తి దూకేసరికి మోకాలిలోతు నీళ్ళు, పడవ కదిలిపోయింది. అంచు పట్టుకుని ఎక్కాను.

దిగమన్నాడు. దిగనన్నాను. తెడ్డు నా కాళ్ళ దగ్గరే ఉంది, ముట్టుకోలేదు. నువ్వెక్కడికైతే నేనూ అక్కడికే అని చతికిలబడ్డాను. పడవ ఒడ్డు వదిలి మెల్లగా, తరవాత మెల్లగా కాకుండా పోసాగింది. హోరు పెరిగింది. పీపాలు కనిపిస్తున్నాయి. ఆయన నా వంక చూడటం లేదు. భయం వేసింది, అయినా కదల్లేదు.

"నీకు ఆడపిల్ల ఉందిరా," అన్నాడు చివరికి.

"ఉంది. మొన్న నువ్వు దాన్ని ఆ పీపాల దాకా తీసుకెళ్ళావు."

అన్నయ్య ముఖం నేను ఎప్పుడూ అలా చూడలేదు. చూడకూడదు కూడా. కాసేపు తన రెండు చేతుల వంకా చూసుకున్నాడు, ఎవరివో తెచ్చి తన ఒళ్ళో పెట్టినట్టు.

"తెడ్డు వెయ్యి," అన్నాడు.

వేశాను. నాకు తెడ్డు పని రాదు, గుండ్రంగా తిరుగుతోంది పడవ. ఆయన లేచి నిలబడి చెప్పసాగాడు. ఎడమకు. ఇంకా ఎడమకు. ఆ నల్లగా కనిపించే నీళ్ళ మీదికి పో, అక్కడ లాగుడు ఉండదు. ఇప్పుడు గట్టిగా. నీళ్ళను పుస్తకంలా చదివాడు. పీపాలకు కాస్త ఇవతల, రెల్లుగడ్డిలో పడవ ముక్కు దిగబడింది. ఇద్దరం రొప్పుతూ కూర్చున్నాం.

తరవాత మెడలో తాడు విప్పబోయాడు. ముడి వేళ్ళకు దొరకలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. మళ్ళీ దొరకలేదు. ఇక చేతులు దించేసి నా ముందు తల వంచాడు. ముడి నేనే విప్పి తాడు నా మెడలో వేసుకున్నాను.

జూలై 24

రెండో కప్పు వచ్చింది. సామాన్లాయన ఏం చేస్తున్నారయ్యా వీటిని, తింటున్నారా అని అడిగాడట. బిగించాను.

నేను నడుపుతున్నాను. అన్నయ్య ముక్కు దగ్గర కూర్చుని నీళ్ళు చూసి దారి చెబుతాడు. దారితో పాటు తిట్లు కూడా. ఈ ఒడ్డున మొదలుపెడితే ఆ ఒడ్డు దాకా నేను నడిపే తీరుకు వంకలే. నడుపుతున్నావా, పిండి కలుపుతున్నావా అన్నాడు ఇవాళ. పడవంతా నవ్వింది. చేతుల సంగతి ఆయనే అందరికీ చెప్పేశాడు, వాతావరణం సంగతి చెప్పినట్టు. అమ్మాయి రోజూ ఆయన పక్కనే కూర్చుంటోంది. దిగేటప్పుడు ఆయన చొక్కా పై గుండీ ఊడితే అదే పెట్టింది. వసారాలో నాన్న కుర్చీని వదిన అటకెక్కించింది.

కంటినిండా నిద్రపోయాను, ఎన్నాళ్ళకో.

ఆగస్టు 9

గేరు బంగారంలా ఉంది. రాయడానికి ఏమీ లేదు.

ఆగస్టు 27

పొద్దున్న మొదటి ట్రిప్పు. గేరు వేశాను, పడిందనుకున్నాను. పడలేదు. టకటకమంది. రేవు దగ్గరే కాబట్టి సరిపోయింది. రెండోసారి వేస్తే పడింది. జనం ఎవరూ పట్టించుకోలేదు.

ఆ చప్పుడుకు అన్నయ్య ముక్కు దగ్గర నుంచి వెనక్కి తిరిగాడు. మోటారు వంక చూడలేదు. అవతలి ఒడ్డు వచ్చేదాకా నా చేతినే చూస్తూ కూర్చున్నాడు. దారి చెప్పలేదు, తిట్టలేదు.

నట్టు వదులైనట్టుంది అన్నయ్యా అన్నాను. రేపు విప్పి చూడాలి.